మూడో తీగ

సెలవులకి ఇంకా తొమ్మిది రోజులుందనగా, ఆదివారం పొద్దున, అత్తగారు రేకుపెట్టె మూత తీయించింది.

ఏటా జరిగే తంతే. ఏడాది ఆఖర్న ఫ్యాక్టరీలకీ బడులకీ కలిసొచ్చే పదిరోజుల సెలవులకి ఆడపడుచు పిల్లల్ని వెంటేసుకుని దిగుతుంది. ఆ లోపల ఇల్లు దులపాలి. ముందుగదిలో గోడలకీ, కిటికీలకీ, సోఫా వీపులకీ చేత్తో కుట్టిన గుడ్డలు వెయ్యాలి. కొన్న బొమ్మ ఒక్కటి కూడా ఆ పదిరోజులూ ఆ గదిలో కనపడకూడదు. ఆడపిల్లల బడిలో ముప్పై ఒక్క ఏళ్లు కుట్టు టీచరుగా చేసిన మనిషి పెట్టిన చట్టం అది. కళ్లకి పొరలు కమ్మి ఇప్పుడావిడ సూదిలో దారం కూడా ఎక్కించలేదు గానీ, చట్టం మాత్రం సడలలేదు.

పెద్దకోడలు ఒక్కొక్క గుడ్డే తీసి, మడతల్లోని కలరా ఉండలు దులిపి, మంచం మీద పరిచింది. అన్నీ గళ్లగుడ్డ మీద క్రాస్ కుట్టు పనులే. పడవలు, గుర్రబ్బండి, ద్రాక్షగుత్తులు, వంతెన. ఏడాదికొకటి చొప్పున తొమ్మిది. తొమ్మిదీ తన చేతివే. ఒక్కోటీ ఒక్కో ఏడు నడిగోడ మీద, గుమ్మంలో అడుగు పెట్టగానే ఎదురుగా కనపడే గోడ మీద, వేలాడినవే. వచ్చినవాళ్లు చేతిలో సంచి కింద పెట్టకముందే తలెత్తి "ఈ ఏడు ఏం కుట్టావేంటి?" అనేవాళ్లు. ఆ ఒక్క మాట కోసమే తను ఏడాది పొడుగునా వేళ్లు పొడిపించుకునేది. పదోదాని కోసం నెలరోజులుగా మనసులో జింకల మందనొకదాన్ని మేపుతోంది.

"నడిగోడకి ఈసారి జింకలు వేద్దామనుకుంటున్నా అత్తయ్యా. రోజూ ఫ్యాక్టరీ నుంచి వచ్చాక కూర్చుంటే అయిపోతుంది," అంది.

"జింకలు పక్కగోడకి వెయ్యి. నడిగోడకి ఈ ఏడు మన బొంగరం కుడుతోంది," అంది అత్తగారు, పొద్దున్నే కూర ఏం చెయ్యాలో చెప్పినంత తేలిగ్గా.

బొంగరమంటే చిన్నకోడలు. మందుల షాపులో పని చేస్తుంది. ఇంట్లో ఒకచోట కాలు నిలవదని పెద్దకోడలి భర్తే ఆ పేరు పెట్టాడు. ఆ ఇంటికొచ్చి రెండేళ్లయింది. సూది ఏ వేళ్ల మధ్య పట్టుకోవాలో, ఆరు పోగుల దారంలోంచి రెండు పోగులు చిక్కు పడకుండా ఎలా లాగాలో నేర్పింది పెద్దకోడలే.

"తెచ్చి చూపించవే," అంది అత్తగారు.

బొంగరం గిర్రున లోపలికెళ్లి, తువ్వాల్లో చుట్టిన గుడ్డ తెచ్చి విప్పింది.

ఇటికరంగు ఇల్లు. ఏడు కిటికీలు. ప్రతి కిటికీలోనూ ఒక రంగు వెలుతురు. కప్పు మీదుగా వాలుతున్న పిట్టలు. పెద్దకోడలు చూడగానే గుర్తుపట్టింది. అది అత్తగారి ఇల్లు. అంటే ఆవిడ తల్లి ఆవిడకి నోటితో చెప్పి కుట్టించిన, తను వినడమే గానీ ఎన్నడూ చూడని బొమ్మ. కాగితం మీద ఎప్పుడూ ఎక్కలేదు. అసలు గుడ్డ ఎప్పుడో ఇల్లు మారుతున్నప్పుడు పోయింది. తను కోడలిగా వచ్చిన నాలుగో ఏట "ఆ ఇంటి బొమ్మ నాకు చెప్పరా అత్తయ్యా" అని సిగ్గు విడిచి అడిగితే, "చూద్దాంలే" అని ఊరుకుంది. ఆరేళ్లయింది. ఇంకా చూస్తూనే ఉందనుకుంది తను.

"ఎప్పుడు మొదలుపెట్టావే?" గొంతు మామూలుగానే వచ్చింది.

"రెండు నెలలైంది అక్కా. నాకు రెండో షిఫ్టు కదా, మీరు ఫ్యాక్టరీకి వెళ్లాక కూర్చునేవాళ్లం. మీకు చెప్పకూడదని అత్తయ్య ఒట్టు వేయించుకున్నారు. ఎలా ఉంది?"

పెద్దకోడలు గుడ్డని తిరగేసి చూసింది. పనితనం వెనకవైపు తెలుస్తుందని అత్తగారే చెప్తుంది. వెనక ఒక్క ముడి లేదు. దారం కొసలన్నీ బుద్ధిగా కుట్ల కిందకి దూరి ఉన్నాయి. తన పడవల వెనక మూడు ముడులున్నాయి. అవి ఎవరికీ తెలియకుండా అట్ట అతికించింది.

"బావుంది," అంది. కళ్లలో కారం కొట్టినట్టుంది.

"చుట్టూ అంచు ఒక్కటే మిగిలింది. దానికి నోటితో చెప్పి చెప్పి నాకు ఆయాసమొస్తోంది," అంది అత్తగారు. "నువ్వొక పుస్తకం తెచ్చుకుని కూర్చో. మొదట్నుంచీ, పునాది దగ్గర్నుంచీ చెప్తాను. లెక్క తప్పకుండా రాయి. నీ దస్తూరీ గుండ్రంగా ఉంటుంది."

అదన్నమాట. బొమ్మ దానికి, గుమస్తా పని నాకు. పెద్దకోడలు పెన్సిలు చెక్కుకుంది.

అత్తగారు కిటికీ పక్కన కుర్చీలో కళ్లు మూసుకుని, నల్లబల్ల ముందు నిలబడ్డప్పటి గొంతుతో మొదలుపెట్టింది. గడప పద్నాలుగు గళ్లు. తలుపు ఇరవై రెండు. మొదటి కిటికీకి ఎడమవైపు ఆరు వదిలెయ్. ఎక్కడా తడబడలేదు. మధ్యలో బొంగరం మూడుసార్లు వచ్చి తొంగిచూసి, టీ పెట్టి, షాపుకి టైమైందని పరిగెత్తింది. రెండు గంటలు గడిచాక అంచు దగ్గరకొచ్చారు.

"అంచంతా ఇటికరంగు తీగలు. ఒక్కో తీగ ఇరవై నాలుగు గళ్లు. పైన నాలుగు తీగలు, కింద నాలుగు, పక్కలకి మూడేసి. కుడిచేతి పైమూల దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే రావాలి. విడివిడిగా రాయి, లేకపోతే అది గందరగోళపడుతుంది."

పెద్దకోడలు రాసుకుంటూ పోయింది. ఇరవై నాలుగు, ఇరవై నాలుగు. పైన అయింది. ఎడమ పక్క అయింది. కింది వరుసలో మూడో తీగ దగ్గర పెన్సిలు ఆగింది. కిటికీలోంచి పడ్డ ఎండ అత్తగారి మొహం మీద ఉంది. ఆ మొహంలో ఒక తృప్తి ఉంది. నా మొహం చూసి ఎప్పుడైనా ఇంత తృప్తిపడిందా ఈవిడ, అనుకుంది పెద్దకోడలు.

ఇరవై మూడు అని రాసింది.

తరవాతది మళ్లీ ఇరవై నాలుగు. ఆ తరవాత కుడిపక్క మూడూ ఇరవై నాలుగే. పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. దాంట్లో పెద్ద ఆలోచనేమీ లేదు. చెరిపెయ్యొచ్చులే అనుకుంది. రబ్బరు పెన్సిలు వెనకే ఉంది.

*

ఆ వారమంతా ఇంట్లో ఒకటే మాట.

"వదినా, మా ఆవిడ పని చూశావా?" అని మరిది రోజుకి రెండుసార్లు అడిగాడు. భర్త అంతకంటే ఘనుడు. భోజనాల దగ్గర కూర్చుని, "బొంగరానికి సూది చేతికిస్తే ఇంత నిలకడ వస్తుందనుకోలేదు. నీకంటే ఒక ఆకు ఎక్కువే చదివినట్టుంది," అని నవ్వాడు. పెద్దకోడలూ నవ్వింది. ఆ నవ్వుకి దవడలు నొప్పెట్టాయి. తన జింకలు ఇంకా గుడ్డెక్కలేదు. సూది తీసినప్పుడల్లా ఆ ఏడు కిటికీలే కళ్లముందు కనిపించి, దారం పక్కన పడేసేది.

నాలుగోరోజు పొద్దున్నే బొంగరం పుస్తకం పట్టుకుని వంటింట్లోకొచ్చింది.

"అక్కా, ఇదొకసారి చూడండి. కింద మూడో తీగ ఇరవై మూడని ఉంది. మిగతావన్నీ ఇరవై నాలుగే కదా?"

పెద్దకోడలు బఠాణీలు ఒలుస్తోంది. తలెత్తలేదు. పొరపాటున రాశాను, దిద్దుకో, అంటే అయిపోయేది. ఒక్క గడి. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు.

"మూల తిరిగేముందు ఒక గడి మింగాలట," అంది. "అత్తయ్య చెప్పిందే రాశాను."

"అలాగా? అడగనా ఆవిణ్ణి?"

"కళ్లల్లో చుక్కలు వేసుకుని పడుకున్నారు. లేపకు."

"మీరు రాశాక ఇంక అడిగేదేముందిలెండి," అని బొంగరం వెళ్లిపోయింది.

పెద్దకోడలు వేళ్లమధ్య బఠాణీ ఒకటి చితికి, గోరు పచ్చగా అయింది. రాతలో తప్పుంటే చెయ్యి జారిందనొచ్చు. నోటితో అన్న మాట ఎక్కడ జారింది?

పెద్దకోడలు పని చేసేది చొక్కాల ఫ్యాక్టరీలో. చెకింగ్ బల్ల దగ్గర నిలబడి, దీపం కింద చొక్కాని పరిచి, కాలరు, భుజం, చేతిపట్టీ వేళ్లతో తడిమి, తప్పున్నచోట ఎర్ర బాణం స్టిక్కరు అంటించడం. అంటించాక కుట్టినవాళ్ల నంబరు రాయాలి. ఆమె కన్ను పడితే తప్పు తప్పించుకోదని సూపర్‌వైజరే అంటాడు. మర్నాడు ఒక కాలరు మీద రెండు కుట్లు తప్పిపోయి కనపడ్డాయి. స్టిక్కరు వేసి నంబరు రాసింది. కాసేపటికి కుట్టినామె బల్ల దగ్గరకే వచ్చింది. నలభై దాటిన మనిషి, వేలికి గుడ్డ చుట్టుకుని ఉంది.

"కావాలని చేస్తానా అమ్మా? మిషన్లో సూది వంగింది, చూసుకోలేదు. కొత్తగా చేరినవాళ్లెవరి నంబరు మీదికైనా మార్చి రాస్తే నీ సొమ్మేం పోతుంది?"

"ఎవరి తప్పు వాళ్ల నంబరు మీదే ఉండాలక్కా. ఇంకొకళ్ల మీద ఎలా రాస్తాను?" అంది పెద్దకోడలు. అని, తను రాసిన నంబరుని మళ్లీ ఒకసారి చదువుకుంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్తూనే చెప్పేద్దామనుకుంది. వెళ్లేసరికి కింది అంచు అయిపోయి, కుడిపక్కన ఒక తీగ కూడా పైకి పాకింది. పక్కింటావిడ పనిగట్టుకుని చూడ్డానికొచ్చి, "టీచరమ్మగారి పేరు నిలబెట్టేది ఈ పిల్లే," అంటోంది. పెద్దకోడలు సంచి గూట్లో పెట్టి లోపలికి నడిచింది.

*

సెలవులకి రెండు రోజులుందనగా, ఆదివారం మధ్యాహ్నం, అంచు మూల దగ్గరకొచ్చి ఆగిపోయింది.

కుడిపక్క తీగ పైకెక్కి, మొదలుపెట్టిన చోటుని కలవాలి. కలవలేదు. ఒక గడి లోపలికి వచ్చి నిలబడింది. అంత పెద్ద గుడ్డలో చీమతలంత తేడా. కానీ క్రాస్ కుట్టులో గడి అంటే గడే. లాగితే సాగదు, నొక్కితే సర్దుకోదు.

బొంగరం సూది మొనతో మొదట్నుంచీ లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. మూడోసారి లెక్కపెట్టి, సూదిని గుడ్డకి గుచ్చేసింది.

"కింద మూడో తీగ అత్తయ్యా. మీరు ఇరవై మూడు చెప్పారుట."

"ఇరవై మూడా?" అత్తగారు అటు తిరిగింది. "నేనా?"

గదిలో అందరూ ఉన్నారు. మరిది, భర్త, గుమ్మంలో తను. అత్తగారి మసక కళ్లు తన కోసం వెతికాయి.

"రాసింది నువ్వే కదమ్మా. నేను ఇరవై మూడన్నానా?"

పెద్దకోడలు తేలు కుట్టిన దొంగలా నిలబడింది. తల ఊపిందో, ఊపలేదో తనకే తెలియదు. కానీ లేదని మాత్రం అనలేదు.

"అని ఉంటానులే," అంది అత్తగారు, మెల్లగా. "కళ్లు పోయాయనుకున్నాను గానీ, బుర్ర కూడా పోతోందన్నమాట." నవ్వబోయి, మధ్యలో ఆపేసింది. "పిల్ల కష్టమంతా మట్టిపాలు చేశానే."

"అయ్యో, వయసన్నాక మామూలేనమ్మా," అన్నాడు మరిది. ఓదార్పనుకున్నాడు పాపం. ఆ మాటకి అత్తగారి మొహం ఇంకా చిన్నబోయింది.

ఆ సాయంత్రం ఆవిడ కత్తెరల డబ్బా తెప్పించి బొంగరానికి ఇచ్చేసింది. పెద్దకొడుకుని పిలిచి, సెలవులయ్యాక కళ్ల డాక్టరుతో పాటు మతిమరుపు డాక్టరెవరైనా ఉంటే చూడమంది. కూరలో ఉప్పు తనే వేసిందో లేదో రెండుసార్లు అడిగింది. మామూలుగా ఎవరైనా మాటలో ఒక అక్షరం తప్పితే దిద్దే మనిషి, ఎవరేమన్నా "అవునా, సరే" అంటూ కూర్చుంది.

పెద్దకోడలు కంచం ముందునుంచి లేచి చెయ్యి కడుక్కుంది. దెబ్బ ఎవరికో తగలాలని విసిరిన రాయి గురి తప్పి ఇంకెవరికో తగిలింది. అసలు బొంగరానికైనా ఇంతగా తగలాలనుకుందా? అదీ చెప్పలేకపోయింది.

*

పొద్దున్నే బట్టలు ఆరవెయ్యడానికి పెరటి వసారాలోకి వెళ్తే, అత్తగారు మెట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్లో గుండీల డబ్బా. గుండీలు వేళ్లతో తడుముతూ ఒక్కొక్కటే తీసి గట్టు మీద పెడుతోంది. పెదవులు కదులుతున్నాయి. ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు. ఆగి, ఆ కుప్పని మళ్లీ మొదట్నుంచీ లెక్కపెట్టింది. సరిపోయింది. నమ్మకం కుదరక మూడోసారి మొదలుపెట్టింది.

పెద్దకోడలు తడిబట్టల బకెట్టు కింద పెట్టింది.

"అత్తయ్యా. మీరు ఇరవై నాలుగే చెప్పారు."

అత్తగారి వేళ్లు ఆగాయి.

"నేనే ఇరవై మూడు రాశాను. బొంగరం అనుమానమొచ్చి అడిగితే, మీరే చెప్పారన్నాను."

"చెయ్యి జారిందా?"

ఆ ప్రశ్నలో ఒక తలుపు తెరిచే ఉంది. అందులోంచి వెళ్లిపోవచ్చు. పెద్దకోడలు వెళ్లలేదు.

"జారలేదు."

అత్తగారు గట్టిగా ఊపిరి వదిలింది. రెండు చేతులూ గుండీల మీద బోర్లా పెట్టింది. "అయితే నా బుర్ర బాగానే ఉంది," అంది. కళ్లు తుడుచుకుంది. "రాత్రంతా కన్ను మూతపడలేదు. బళ్లో నేను చెప్పిన పిల్లలందరూ ఒక్కొక్కళ్లే గుర్తొచ్చారు. వాళ్లందరికీ తప్పు చెప్పానేమోనని."

పెద్దకోడలు ఏడవలేదు. ఏడిస్తే ఆవిడ ఓదార్చాల్సొస్తుందని బిగబట్టుకుంది.

కాసేపటికి అత్తగారి గొంతు మారింది. "ఎందుకే?"

"ఆరేళ్ల కిందట నేనడిగాను. చూద్దామన్నారు. నిన్నగాక మొన్నొచ్చినదానికి, నాకు తెలియకుండా, ఒట్టు పెట్టి మరీ..."

"తొమ్మిదేళ్లు ఆ గోడ నీది. బొంగరానికి ఈ ఇంట్లో ఒక్క మేకు కూడా లేదు. ఒక్క ఏడు దానికిద్దామనుకున్నా, అంతే. గుడ్డంటావా, ఒకసారి కుట్టి మర్చిపోయేది. బొమ్మ ఎవరికిచ్చాను? మా అమ్మ నాకు నోటితో చెప్పినది, నేను ఎవరికీ చెప్పకుండా దాచుకున్నది, పునాది దగ్గర్నుంచీ ఎవరి చేత రాయించాను? నా తరవాత ఆ పుస్తకం ఎవరి దగ్గరుండాలనుకుని రాయించాను?"

పెద్దకోడలు మెట్టు మీద కూలబడింది. రెండు గంటలు ఆవిడ ఎదురుగా కూర్చుని అందుకుంటూ, అందుకుంటున్నానని తెలియకుండా, తన చేత్తో తనే పాడుచేసుకుంది.

"చెప్పొచ్చు కదా అత్తయ్యా," అంది చివరికి.

"చెప్పాలి. చెప్పకపోవడం నా తప్పే. కానీ నీ తప్పు నీదే." అత్తగారు గుండీలు డబ్బాలోకి ఎత్తసాగింది. "బొంగరంతో నేను చెప్పను. నువ్వే చెప్పుకో. ఇంకో మాట. ఆ పుస్తకం ఇవాళ మళ్లీ చెప్తాను. ఈసారి బొంగరం రాస్తుంది."

*

బొంగరం అంతా విన్నది. ఒక్కసారి మాత్రం, "నేను అడిగినప్పుడు కూడానా?" అంది. పెద్దకోడలు అవునంది. బొంగరం మొహం ఎర్రబడింది. "మీరు రాశాక అడిగేదేముందని అన్నాను నేను," అని, లోపలికెళ్లి తలుపేసుకుంది. ఆ రోజంతా 'అక్కా' అన్న పిలుపు ఆ ఇంట్లో వినపడలేదు. షాపుకి సెలవు పెట్టి, మధ్యాహ్నం అత్తగారు చెప్తుంటే కొత్త పుస్తకంలో రాసుకుంది. పెద్దకోడలూ ఫ్యాక్టరీకి వెళ్లకుండా పక్కగదిలో జింకల గుడ్డ ముందేసుకుని, ఆ అంకెలన్నీ గోడ అవతలనుంచి విన్నది. గడప పద్నాలుగు. తలుపు ఇరవై రెండు. రాయడానికి చేతిలో పెన్సిలు లేదు.

సాయంత్రం ఒళ్లో ఏదో పడితే ఉలిక్కిపడి చూసింది. ఇంటి గుడ్డ.

"విప్పండి," అంది బొంగరం. "ఐదు తీగలు. గుడ్డ చిరగకూడదు."

కుట్టడం కంటే విప్పడం కష్టం. పెద్దకోడలు గుడ్డని తిరగేసి, వెనకనుంచి కొసని సూదితో లేవదీసి, చిన్న కత్తెరతో ఒక్కో పోగూ తెంపి, పట్టకారుతో లాగింది. సెలవుల మొదటి రోజు పొద్దున్న కూడా అదే పని. ఆడపడుచు పిల్లలతో దిగేసరికి రెండు తీగలు ఇంకా ఉన్నాయి. కిటికీలకీ సోఫాలకీ అన్నీ వేలాడుతున్నాయి గానీ, నడిగోడ మీద ఉత్త మేకు ఉంది.

"ఇదేంటి, ఈ ఏడు గోడ బోడిగా ఉంది?" అంది ఆడపడుచు సంచి దించుతూనే.

"నేను తప్పు లెక్క రాసిచ్చాను వదినా," అంది పెద్దకోడలు. "అందుకే విప్పుతున్నా."

"నువ్వా? తప్పా? పొరపాట్లు ఎవరికి రావులే."

"పొరపాటు కాదు వదినా, అది..."

"వదినా," అని అందుకుంది బొంగరం, "పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను. పొంగుతున్నాయేమో కాస్త చూడరూ?"

ఆడపడుచు హడావిడిగా వంటింటివైపు వెళ్లింది. బొంగరం పెద్దకోడలి మొహంలోకి చూడలేదు. సోఫాలో పక్కన కూర్చుని, విప్పిన మేరకి గుడ్డని తన ఒళ్లోకి లాక్కుని, కింది అంచులో మూడో తీగ మొదలుపెట్టింది. రెండో కొస ఇంకా పెద్దకోడలి ఒళ్లోనే ఉంది. ఒకళ్లు విప్పుతుంటే ఒకళ్లు కుడుతున్నారు. కుట్టే ముందు ప్రతిసారీ బొంగరం తన పుస్తకం చూసుకుని, సూది మొనతో గళ్లు ఎంచుకుంటోంది.

పెద్దకోడలు ఆ వేళ్లనే చూస్తోంది. దారం బిగువూ కాదు, వదులూ కాదు. పై కుట్లన్నీ ఒకేవైపు వాలి, గాలికి వంగిన గడ్డిలా ఉన్నాయి. ఆవిడ కడుపులో మళ్లీ ఆ పాత మంట కదిలింది. సిగ్గుపడ్డాక కూడా కదిలింది. అది ఎక్కడికీ పోయేట్టు లేదు.

"నీ చెయ్యి నా చేతికంటే బాగుంది," అంది. ఆ మాట గొంతులోంచి బయటికి రావడానికి ఐదు తీగలు విప్పినంత పనైంది.

"తెలుసు అక్కా," అంది బొంగరం, కుట్టు మీంచి కళ్లెత్తకుండా. "ఆ ఇటికరంగు దారం ఇటివ్వండి."

పెద్దకోడలు ఆరు పోగుల్లోంచి రెండు పోగులు చిక్కు పడకుండా లాగి, సూదికెక్కించి ఇచ్చింది.